రైలు దారి వెంట పెరిగిన ఊళ్లు: జపాన్ శివారు నగరాలపై పాఠకుల ప్రశ్నలు

జపాన్ మహానగరాల చుట్టూ ఉన్న శివారు నగరాల గురించి, అక్కడి జీవనం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయికి టోక్యోలో ఉద్యోగం వచ్చింది. అయితే కంపెనీవారు చూపిన ఇల్లు సైతామా ప్రిఫెక్చర్‌లోని కవాగుచిలో ఉందట. అక్కడ ఉంటే టోక్యోలో ఉన్నట్టా, లేనట్టా?

జవాబు: పాలన లెక్కలో లేనట్టే, రోజువారీ జీవితం లెక్కలో ఉన్నట్టే. టోక్యో నగరం అనే పాలనా విభాగం 1943లోనే రద్దయింది. ఇప్పుడు టోక్యో అంటే ఒక ప్రిఫెక్చర్, అంటే దేశాన్ని విభజించిన పెద్ద పాలనా ప్రాంతాలలో ఒకటి. అందులో తూర్పున 23 ప్రత్యేక వార్డులు, వాటికి పడమర తామా ప్రాంతంలో 26 నగరాలు, కొండల అంచున మూడు చిన్న పట్టణాలు, ఒక గ్రామం, పసిఫిక్ సముద్రంలో దూరంగా విసిరేసినట్టున్న కొన్ని ద్వీపాలు ఉన్నాయి. మొత్తం జనాభా సుమారు 1.4 కోట్లు కాగా, అందులో దాదాపు 97 లక్షల మంది ఆ 23 వార్డుల్లోనే ఉంటారు. ఈ ప్రిఫెక్చర్‌కు ఉత్తరాన సైతామా, తూర్పున చిబా, దక్షిణాన కనగావా ఉన్నాయి. ఈ నాలుగింటిలో కలిపి 3.7 కోట్ల మందికి దగ్గరగా నివసిస్తున్నారు. మీ అబ్బాయి ఉండబోయే కవాగుచి, అరాకావా నదికి అవతలి ఒడ్డున ఉన్న ఆరు లక్షల జనాభా గల నగరం. రైలు వంతెన దాటితే వచ్చే తర్వాతి స్టేషను, అకబానె, టోక్యో వార్డులదే.

శివారు అనగానే చిన్న ఊరు అనుకోనక్కరలేదు. కనగావాలోని యొకొహామాలో సుమారు 37 లక్షల మంది ఉన్నారు. జపాన్‌లో ఒకే నగరపాలన కింద ఇంతమంది ఉన్న ఊరు మరొకటి లేదు. అయినా పగటిపూట అక్కడ ఉండే జనం రాత్రి నిద్రపోయే జనం కంటే తక్కువ, ఎందుకంటే లక్షల మంది పొద్దున్నే టోక్యో రైలు ఎక్కుతారు. దీనికి సరిగ్గా ఎదురు కథ టోక్యో నడిబొడ్డున ఉన్న చియోదా వార్డుది: అక్కడ నివాసం ఉండేవారు డెబ్బై వేలకు లోపు, పగలు ఉండేవారు తొమ్మిది లక్షలకు అటూ ఇటూ. శివార్లలోనే మరో కొసన వరాబి అనే నగరం ఉంది. దాని విస్తీర్ణం 5.11 చదరపు కిలోమీటర్లు, దేశంలోని నగరాలన్నిటిలోకీ చిన్నది, జనసాంద్రతలో మొదటి వరుసలోనిది.

వీటిలో ప్రతిదానికీ సొంత మేయరు, సొంత సభ, సొంత ప్రాథమిక పాఠశాలలు ఉంటాయి. జనవరి 1వ తేదీన ఎవరి చిరునామా ఏ నగరంలో నమోదై ఉంటే వారి నివాస పన్ను ఆ ప్రాంతానికే చెందుతుంది. అందువల్ల మీ అబ్బాయి జీతం టోక్యోలో సంపాదించినా, నివాస పన్ను వెళ్లేది కవాగుచికీ సైతామాకే. చిన్న పిల్లలున్న కుటుంబాలను ఆకర్షించడానికి ఈ నగరాలు ఒకదానితో ఒకటి గట్టిగా పోటీ పడడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ప్రశ్న: ఉద్యోగం కోసం రోజూ గంట, గంటన్నర రైలులో ప్రయాణించే జీవితాన్ని అంతమంది ఎందుకు ఒప్పుకున్నారు?

జవాబు: నడినగరంలో ఇళ్ల ధరలు ఒక కారణం, కానీ అది సగం జవాబే. మిగతా సగం రైలు కంపెనీల చరిత్రలో ఉంది. 1910లో ఒసాకాలోని ఉమేదా నుంచి తకారాజుకా వరకు ఒక ప్రైవేటు సంస్థ రైలు మార్గం వేసింది. ఆ దారిలో అప్పటికి పొలాలూ పల్లెలూ తప్ప చెప్పుకోదగ్గ ఊళ్లు లేవు. ఆ సంస్థను నడిపిన కొబయాషి ఇచిజో, ప్రయాణికులు లేని చోట ప్రయాణికులను తామే కల్పించుకోవాలని నిశ్చయించాడు. ఇకెదా స్టేషను పక్కన భూమి కొని, ప్లాట్లు వేసి, ఇళ్లు కట్టి, నెలజీతపు ఉద్యోగులకు అందుబాటులో ఉండేలా నెలసరి వాయిదాల మీద అమ్మాడు. లైను చివరన తకారాజుకాలో వేడినీటి స్నానశాలలు, 1914 నుంచి అమ్మాయిలే అన్ని పాత్రలూ వేసే సంగీత నాటక ప్రదర్శనలు ఏర్పాటు చేశాడు. లైను మొదట్లో, ఉమేదా స్టేషనులోనే, 1929లో డిపార్ట్‌మెంట్ స్టోరు తెరిచాడు. పొద్దున ఉద్యోగులు నగరంవైపు, సెలవు రోజున కుటుంబాలు ఎదురువైపు ప్రయాణిస్తే రైలు ఏ దిశలోనూ ఖాళీగా తిరగదు. ఇల్లు, టిక్కెట్టు, బట్టలు, వినోదం అన్నీ ఒకే సంస్థ అమ్మే ఈ పద్ధతిని తర్వాత దేశంలోని ప్రైవేటు రైలు కంపెనీలెన్నో అనుసరించాయి.

టోక్యో వైపు ఈ పద్ధతి అతి పెద్ద ఎత్తున అమలైంది నైరుతి దిక్కున. 1953లో తోక్యూ సంస్థ అధిపతి గోతో కేయితా అక్కడి కొండదిబ్బల మీద కొత్త నివాస ప్రాంతాన్ని ప్రతిపాదించాడు. 1966లో దెన్-ఎన్-తోషి లైను మిజొనొకుచి నుంచి నగాత్సుతా వరకు పొడిగింపబడింది. కంపెనీ అక్కడి భూమినంతా కొనేయలేదు. భూయజమానులు సంఘాలుగా ఏర్పడి, తమ కమతాలలో కొంత భాగాన్ని రోడ్లకూ పార్కులకూ వదులుకుని, మిగిలిన భాగాన్ని చక్కని ప్లాట్లుగా తిరిగి పొందారు. ఖర్చుల కోసం విడిగా ఉంచిన స్థలాలు రైలు సంస్థకు దక్కాయి. కవాసాకి, యొకొహామా, మచిదా, యమాతో నగరాల మీదుగా సుమారు 5,000 హెక్టార్లలో విస్తరించిన ఆ ప్రాంతంలో నేడు ఆరు లక్షల మంది దాకా ఉన్నారు.

భూమి స్వభావం కూడా రైలుకు సాయపడింది. టోక్యోకు పడమరనున్న ముసాషినో పీఠభూమి చాలామేరకు చదునుగా ఉంటుంది. 1889లో షింజుకు నుంచి వేసిన చువో లైను, హిగాషి-నకానో నుంచి తచికావా వరకు దాదాపు 25 కిలోమీటర్లు వంపు లేకుండా తిన్నగా సాగుతుంది. కిచిజోజి, మితకా, కొకుబుంజి, కునితాచి, ఇంకా ముందుకు వెళ్తే హచియోజి, అన్నీ ఆ గీత మీదనే పెరిగాయి. నడినగరం నుంచి బయటికి వెళ్లే లైన్లు ఇలా బలంగా ఉన్నా, ఒక శివారు నుంచి పక్క శివారుకు అడ్డంగా వెళ్లే లైన్లు చాలాకాలం పాటు కొరతగానే ఉన్నాయి. 1973లో ప్రారంభమైన ముసాషినో లైను, 2000లో పూర్తయిన తామా మోనోరైలు ఆ లోటును కొంత తీర్చాయి. మరింత బయటికి వెళ్తే, యొకొహామా, హచియోజి, కవాగోయె, కాషివా, చిబాలను కలుపుతూ మహానగరాన్ని చుట్టివచ్చే 16వ నంబరు జాతీయ రహదారి వస్తుంది. అక్కడి నుంచి జీవితం కారు మీద, రోడ్డు పక్కనున్న పెద్ద దుకాణాల మీద ఆధారపడుతుంది.

ఇక మూడో కారణం, బయటివారికి తరచుగా తెలియనిది: జపాన్‌లో చాలా సంస్థలు ఉద్యోగి రైలు పాసు ఖర్చును భరిస్తాయి, నెలకు 1,50,000 యెన్ల వరకు ఆ భత్యంపై ఆదాయపు పన్ను ఉండదు. ప్రయాణ ఖర్చు జేబులో నుంచి పోనప్పుడు దూరం కేవలం సమయం సమస్యగా మారుతుంది. ఆ సమయాన్ని ఎవరు భరించారన్నది మాత్రం తప్పక అడగవలసిన ప్రశ్న. భర్త పొద్దున ఏడింటికి వెళ్లి రాత్రి పదింటికి వచ్చే ఇంట్లో, పిల్లలనూ వృద్ధులనూ ఊరి పనులనూ చూసుకునే భార్య ఉంటుందన్న లెక్క మీదనే ఆ శివార్లను నిర్మించారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే నేటి కుటుంబాలు స్టేషనుకు దగ్గరి ఫ్లాట్లనూ నడినగరానికి దగ్గరి ప్రాంతాలనూ కోరుకుంటున్నాయంటే, వారి తల్లులు మోసిన ఆ భారాన్ని వారు మోయదలచుకోలేదనే నేను అర్థం చేసుకుంటాను.

ప్రశ్న: తామా న్యూ టౌన్ ప్రభుత్వం కట్టి విఫలమైన నగరమని చదివాను. నిజమేనా?

జవాబు: విఫలమైందన్న తీర్పు అన్యాయం. జరిగినదేమిటో చెబుతాను, మీరే ఆలోచించండి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నగరాలకు వచ్చిపడిన యువ కుటుంబాలకు ఇళ్లు లేవు. 1955లో జపాన్ గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. రెండు గదులు, వంటతో పాటు భోజనానికీ సరిపోయే వంటగది, సొంత స్నానాలగది ఉన్న వేల వేల ఫ్లాట్ల సముదాయాలు శివార్లలో లేచాయి. వీటిని దాంచి అంటారు. ఒసాకా ఉత్తరాన సెన్రి న్యూ టౌన్‌లో 1962లో మొదటి నివాసులు దిగారు. 1963లో కొత్త నివాస నగరాల నిర్మాణానికి ప్రత్యేక చట్టం వచ్చింది. దాని కింద టోక్యో పశ్చిమాన హచియోజి, మచిదా, తామా, ఇనాగి నగరాల మీదుగా, దాదాపు 2,900 హెక్టార్ల కొండదిబ్బల మీద తామా న్యూ టౌన్ ప్రణాళిక 1965లో ఖరారైంది. 1971 మార్చిలో సువా, నగయామా ప్రాంతాల్లో మొదటి కుటుంబాలు చేరాయి. అప్పటికి రైలు రాలేదు. 1974లో లైను వచ్చేదాకా బస్సెక్కి వేరే స్టేషనుకు చేరి అక్కడి నుంచి రైలు పట్టుకోవలసి వచ్చేది.

పాదచారుల దారులను కార్ల రోడ్లకు పైన వంతెనల మీదుగా వేరుగా కట్టడం, పిల్లలు వీధి దాటకుండానే బడికీ పార్కుకూ వెళ్లగలగడం ఆ నగరపు గొప్పతనం. ఆ తరంలో అక్కడ పెరిగినవారికి అది నిజంగా మంచి ఊరు. లోపమల్లా వయసుల విషయంలో ఉంది. ఒకే అయిదారేళ్లలో, ఒకే వయసు దంపతులు, ఒకేలాంటి ఫ్లాట్లలో చేరారు. పిల్లలందరూ ఒకేసారి బడికి వెళ్లారు, ఒకేసారి ఊరు విడిచారు. తల్లిదండ్రులందరూ ఒకేసారి ముసలివారయ్యారు. తొలి రోజుల్లో కిక్కిరిసిన బడులలో కొన్ని మూతపడడమో, పక్క బడిలో కలవడమో జరిగింది. లిఫ్టు లేని అయిదంతస్తుల భవనంలో పై అంతస్తున ఉండే ఎనభై ఏళ్ల మనిషికి కూరగాయలు తెచ్చుకోవడమే యాత్ర అయింది. ఒకనాడు గర్వంగా చూపించిన వంతెనలూ మెట్లూ ఇప్పుడు అడ్డంకులయ్యాయి. మూడు లక్షలకు పైగా జనం కోసం తలపెట్టిన ఊరిలో నేడు సుమారు 2.2 లక్షల మంది ఉన్నారు. అది తక్కువేమీ కాదు. పైగా సువాలో 640 ఫ్లాట్ల పాత సముదాయాన్ని యజమానులే ఒప్పుకుని కూల్చివేయించి, 2013 నాటికి 1,249 ఫ్లాట్ల కొత్త భవనాలు కట్టించుకున్నారు. అలాంటి పునర్నిర్మాణానికి యజమానుల్లో అయిదింట నాలుగు వంతుల సమ్మతి కావాలని చట్టం చెప్పేది. వృద్ధులు ఎక్కువగా ఉన్న చోట ఆ సమ్మతి కూడగట్టడం ఎంత ఓపికతో కూడిన పనో ఊహించవచ్చు.

పోల్చి చూడడానికి చిబా ప్రిఫెక్చర్‌లోని సాకురా నగరానికి వెళ్దాం. అక్కడ యూకారిగవోకా అనే ప్రాంతాన్ని ఒక ప్రైవేటు సంస్థ 1970ల చివరి నుంచి నిర్మిస్తూ వస్తోంది. ఆ సంస్థ ఏడాదికి సుమారు 200 ఇళ్లకు మించి అమ్మకూడదని తనకు తానే పరిమితి విధించుకుంది. 1982లో ఊరిలో తిరిగే సొంత చిన్న రైలును కూడా ప్రారంభించింది. ఏటా కొద్ది కొద్దిగా కొత్త కుటుంబాలు చేరుతుండడం వల్ల బడిలో పిల్లలూ, వీధిలో అన్ని వయసులవారూ ఉండే అవకాశం కలిగింది. త్వరగా లాభం చూడాలనుకునే వ్యాపారి ఈ పని చేయడు. అంత తొందరలో ఉన్న 1960ల నాటి ప్రభుత్వం కూడా చేయలేకపోయింది. నా దృష్టిలో శివారు నగర నిర్మాణంలో అందరికన్నా ముందుచూపు చూపినది ఈ ఊరే.

దేశ జనాభా 2008 ప్రాంతంలో గరిష్ఠానికి చేరి తగ్గుముఖం పట్టింది. 2023 ప్రభుత్వ సర్వేలో ఖాళీ ఇళ్లు సుమారు 90 లక్షలని, అంటే మొత్తం ఇళ్లలో 13.8 శాతమని తేలింది. వాటిలో స్టేషనుకు దూరంగా, బస్సు మీద ఆధారపడిన శివారు కాలనీలవీ ఉన్నాయి.

ప్రశ్న: ఫొటోల్లో టోక్యో శివారు ఇళ్ల మధ్య కూరగాయల మళ్లు కనిపించాయి. అంత ఖరీదైన భూమిలో సేద్యం ఎలా సాగుతోంది? నేను రైతును, అందుకే అడుగుతున్నాను.

జవాబు: మీ ప్రశ్నకు మూడున్నర శతాబ్దాల వెనక్కి వెళ్లాలి. ముసాషినో పీఠభూమి మీద ఫుజి, హకోనె అగ్నిపర్వతాల బూడిద మందంగా పేరుకుంది. నీరు ఇంకిపోయే నేల కాబట్టి వరి పండదు, తాగునీరు కూడా దొరకడం కష్టం. 1653లో తామా నది నీటిని హమురా నుంచి ఎదో (టోక్యో పాత పేరు) నగరంలోని యోత్సుయా వరకు 43 కిలోమీటర్ల కాలువ ద్వారా మళ్లించారు. ఆ కాలువ నుంచి పాయలు తీసి మెట్టభూముల్లో కొత్త పల్లెలు వేశారు. కొదైరా నగరం అలా పుట్టినదే. రహదారికి ముఖం పెట్టిన ఇల్లు, దాని వెనుక సన్నగా పొడుగ్గా సాగే పొలం అన్నది అక్కడి కమతాల రూపం. ఆ పొడుగు చీలికలు నేటి వీధుల తీరులో కూడా కనబడతాయి.

ఇక చట్టం సంగతి. నగరాల లోపలి వ్యవసాయ భూమిని కాపాడడానికి 1974లో ఒక చట్టం చేసి, 1991లో సవరించారు. ముప్పై ఏళ్లపాటు సేద్యం చేస్తానని ఒప్పుకున్న రైతుకు ఇళ్ల స్థలం రేటు కాకుండా పొలం రేటున పన్ను వేస్తారు. 1992లో నమోదైన భూములకు 2022లో గడువు తీరుతుందనగా, అవన్నీ ఒక్కసారిగా అమ్మకానికి వస్తాయన్న ఆందోళన కలిగింది. పదేళ్ల చొప్పున పొడిగించుకునే వీలు కల్పించగా, అత్యధిక భాగం రైతులు పొడిగించుకున్నారు. కొదైరాలో 1968లో దేశంలోనే మొదటిసారిగా బ్లూబెర్రీని అమ్మకానికి సాగు చేశారు. ఇనాగి బేరి పండ్లకు పేరుపొందింది. పొలం గట్టున చిన్న చెక్క అరలో కూరగాయలు, పక్కన డబ్బుల డబ్బా పెట్టి, మనిషి లేకుండానే అమ్మే దుకాణాలు అక్కడ మామూలే.

ప్రశ్న: భూకంపాలు, వరదల నుంచి ఈ శివార్లు ఎంతవరకు సురక్షితం?

జవాబు: అది కాళ్ల కింద ఏ నేల ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. సైతామా తూర్పు భాగం ఒకప్పటి వరి పొలాల పల్లం. ఇళ్లు వచ్చాక వాన నీరు ఇంకే చోటు తగ్గి వరదలు పెరిగాయి. అందుకే కసుకాబెలో 1993 నుంచి 2006 వరకు శ్రమించి, భూమికి సుమారు 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. చిన్న నదుల పొంగును అది ఎదో అనే పెద్ద నదిలోకి చేరవేస్తుంది. దాని చివరనున్న 177 మీటర్ల పొడవైన నీటి తొట్టి పైకప్పును 59 భారీ స్తంభాలు మోస్తున్నాయి. యొకొహామాలో త్సురుమి నది పక్కన వరదనీటిని నిలిపే పల్లంలోనే, స్తంభాల మీద పెద్ద క్రీడా మైదానాన్ని కట్టారు. 2019 అక్టోబరులో హగిబిస్ తుపాను వచ్చిన మరునాడే, చుట్టూ నీరు నిలిచి ఉన్నా, అక్కడ జపాన్, స్కాట్లాండ్ రగ్బీ పోటీ జరిగింది. అదే తుపానులో కవాసాకిలోని ముసాషి-కొసుగిలో ఒక ఎత్తైన నివాస భవనపు నేలమాళిగలోని విద్యుత్ పరికరాలు మునిగి, లిఫ్టులూ నీళ్లూ ఆగిపోయాయి. చిబాలో ఉరయాసు నగరం ఎక్కువ భాగం సముద్రాన్ని పూడ్చి తీసిన నేల. 2011 భూకంపంలో అక్కడి నేల బురదలా మెత్తబడి ఇళ్లు ఒరిగాయి, పైపులు పైకి తేలాయి. కొండను చెక్కి, ఆ మట్టితో లోయను పూడ్చి వేసిన ప్లాట్లలో పూడ్చిన వైపు బలహీనమని కూడా గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: రోజువారీ జీవితంలో కొత్తవారు ముందుగా నేర్చుకోవలసినవి ఏవి?

జవాబు: చెత్త పారవేసే నియమాలు మొట్టమొదటివి. కాలేది, కాలనిది, ప్లాస్టిక్, కాగితం, సీసాలు, ఏది ఏ రోజున బయట పెట్టాలో నగరం నగరానికీ మారుతుంది. తామా ప్రాంతంలోని చాలా నగరాల్లో నగరం నిర్ణయించిన సంచులనే డబ్బిచ్చి కొనాలి. చిరునామాలో సాధారణంగా వీధి పేరు ఉండదు. ప్రాంతం, దాని ఉపవిభాగం, బ్లాకు, ఇంటి సంఖ్య మాత్రమే ఉంటాయి. స్టేషను దగ్గర సైకిలును రుసుము కట్టే స్టాండులోనే ఉంచాలి, బయట వదిలితే నగరపాలకులు తీసుకుపోతారు. చిన్న పిల్లలు పెద్దల తోడు లేకుండా నిర్ణీత దారిలో బడికి నడిచి వెళ్తారు, ఆ దారిలో ఇరుగుపొరుగు పెద్దలు కాపలా నిలబడతారు. సాయంత్రం చాలా ఊళ్లలో వీధి స్తంభాల లౌడ్‌స్పీకర్ల నుంచి ఒక బాణీ వినిపిస్తుంది. విపత్తు హెచ్చరికల యంత్రాంగం సక్రమంగా పనిచేస్తోందని సరిచూసుకోవడానికీ, పిల్లలకు ఇంటికి వెళ్లే వేళ తెలపడానికీ అది ఉపయోగపడుతుంది.

ప్రశ్న: మేమిద్దరమూ ఉద్యోగం చేస్తాము, మూడేళ్ల పాప ఉంది. శివారు నగరాన్ని ఎంచుకునేటప్పుడు ఏమి చూడాలి?

జవాబు: ముందుగా నగరపాలకుల తీరు చూడండి. చిబాలోని నగారెయామా 2005లో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలు వచ్చాక వేగంగా ఎదిగింది. 2007 నుంచి అక్కడి స్టేషను దగ్గర పిల్లలను అప్పగిస్తే బస్సులు వారిని ఊరిలోని శిశు సంరక్షణ కేంద్రాలకు చేర్చి, సాయంత్రం తిరిగి తెస్తాయి. మీలాంటి కుటుంబాలకు ఇంతకన్నా అక్కరకు వచ్చే ఏర్పాటు నాకు తెలియదు. పక్కనే ఉన్న మత్సుదోలో 1969లో మేయరు మత్సుమోతో కియోషి, పౌరుల చిన్న చిన్న వినతులపై వెంటనే కదిలే ఒక ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పాడు. కందిరీగల గూళ్లు తొలగించే పని నేటికీ ఆ విభాగానిదే. టోక్యోలోని ముసాషినో నగరం 1995లో 100 యెన్ల టిక్కెట్టుతో ఇరుకు వీధుల్లోకి చిన్న బస్సులు పంపడం మొదలుపెడితే, అనేక నగరాలు ఆ దారి పట్టాయి.

తర్వాత నగర కార్యాలయం ప్రచురించే వరద ముప్పు పటంలో మీరు చూసిన ఇల్లు ఏ రంగులో ఉందో చూడండి. చివరగా స్టేషను దూరం. జపాన్ ఇళ్ల ప్రకటనల్లో నడక దూరాన్ని నిమిషానికి 80 మీటర్ల చొప్పున లెక్కిస్తారు. పది నిమిషాలంటే 800 మీటర్లు. ఆ లెక్కలో ఎత్తుపల్లాలకూ, సిగ్నల్ దగ్గర ఆగే సమయానికీ, పాపను చేయి పట్టుకుని నడిపించే వేగానికీ చోటు ఉండదు. యొకొహామా, కవాసాకి, తామా వంటి కొండదిబ్బల ఊళ్లలో ఈ తేడా చాలా ఉంటుంది. ఒప్పందం మీద సంతకం చేసే ముందు, పాపను వెంటబెట్టుకుని, స్టేషను నుంచి ఇంటి దాకా ఒకసారి నడిచి చూడండి.